ఫీజు రశీదు లేని చదువు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను వక్తను కాను. బీకాం చదివి, ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కౌంటరు అవతల ఉన్న మనిషి మొహం కంటే ఆయన చేతిలోని వోచరునే ఎక్కువగా చూసినవాణ్ణి. అందుకే ఈరోజు ఒక వోచరు కథే చెబుతాను. అందులో తప్పు నాది. దాన్ని ఈ సభలోనే ఒప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

2018లో మన ట్రస్టుకు వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి ముల్చేర దగ్గరి ఊరి అమ్మాయిది. పేరు చెప్పను, తనకు ఇష్టం లేదు. అప్పుడు బీఎస్సీ రెండో సంవత్సరం, జంతుశాస్త్రం. హైదరాబాద్ జూ పార్కులో పక్షుల విభాగంలో ఎండాకాలం సెలవుల్లో ఒక నెల పని నేర్చుకోవడానికి రావచ్చని ఆమెకు అనుమతి వచ్చింది. ఇంటర్న్‌షిప్ అంటారు కదా, అదే. జీతం లేదు, ఫీజూ లేదు. ఆమె అడిగింది 6,500 రూపాయలు. బస్సు, రైలు చార్జీలు రానుపోను 700, గదికీ మెస్సుకూ 5,000, బూట్లు, చేతి తొడుగులు, మందులు వగైరాలకు 800. కాగితం మీద లెక్క శుభ్రంగా ఉంది.

అప్పుడు దరఖాస్తుల పరిశీలన నా పని. మన నియమావళిలో 'కాలేజీ ఫీజు రశీదు జతపరచవలెను' అని ఉంది. ఈ దరఖాస్తుకు రశీదు లేదు. ఎర్ర పెన్నుతో 'ఫీజు రశీదు లేదు, తిరస్కరించడమైనది' అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు అట్లాంటివి ఓ పది కాగితాలు చూశానేమో, దీని మీద రెండు నిమిషాలు కూడా పెట్టలేదు.

వారం తర్వాత వాళ్లమ్మ వచ్చింది. నిలబడే అడిగింది. "అన్నా, అక్కడ ఫీజే లేదంట. లేని ఫీజుకు రశీదు ఏడికెల్లి తేవాలె?"

నా దగ్గర జవాబు లేదు. రూల్సు అట్లా ఉన్నాయమ్మా అన్నాను. ఆమె తలూపి వెళ్లిపోయింది. ఆ ఏడాది అమ్మాయి హైదరాబాద్ పోలేదు. మే నెలంతా ఇంట్లోవాళ్లతో కలిసి అడవిలో తునికాకు కోసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పట్నంలో చదివే పిల్లలకు ఎండాకాలం అంటే సెలవులు. మనవైపు మే నెల అంటే తునికాకు సీజను. కట్ట కట్టి కల్లంలో ఇస్తేనే వానాకాలం విత్తనాలకు పైసలు. ఆ అమ్మాయి నెల రోజులు జూకు పోతే ఇంట్లో రెండు చేతులు తగ్గుతాయి. ఆమె భాగం కూలీ ఐదు వేల దాకా ఉంటుందని తర్వాత నాకు లెక్క చెప్పింది. అంటే నేను తిరస్కరించింది 6,500 అయినా ఆ ఇంటికి అసలు ఖర్చు 11,500. 'జీతం లేదు, ఫీజూ లేదు' అంటే మనం ఉచితం అనుకుంటాం. పైసలున్న ఇంటికి అది ఉచితమే. కామర్స్ చదివిన నాకు ఈ లెక్క వాళ్లు చెప్పేదాకా తట్టలేదు.

మరుసటి ఏడాది, 2019లో, ఆ తల్లి రెండు మేకలు అమ్మి పంపింది. మళ్లీ మన ట్రస్టును అడగలేదు. ఎందుకు అడుగుతుంది?

ఆ మే నెలలోనే నేను కంటి పరీక్షకు హైదరాబాద్ పోయాను. రెండు రోజులు ఖాళీ దొరికింది. మీర్ ఆలం చెరువు పక్కనున్న ఆ జూ పార్కు పేరు మీరంతా వినే ఉంటారు, నెహ్రూ జూలాజికల్ పార్కు. 1963 అక్టోబరు 6న ప్రారంభమైంది, విస్తీర్ణం 380 ఎకరాలు. అందరిలా టికెట్ కొనుక్కొని లోపలికి పోయాను. పక్షుల వైపు ఆ అమ్మాయి కనిపించింది. మోకాళ్ల దాకా బూట్లు, తలకు గుడ్డ, చేతిలో బకెట్. నన్ను చూసి గుర్తుపట్టింది. మొహం తిప్పుకుంటుందని అనుకున్నాను. "సార్, మీరా! ఒంటిగంటకు అన్నం తినేటప్పుడు వస్త. లోపలికి విజిటర్లను రానియ్యరు" అన్నది.

ఒంటిగంటకు చెట్టు కింద కూర్చున్నాం. తన నోటు పుస్తకం చూపించింది. మీకు చెప్పాలనుకున్నది ఆ పుస్తకం గురించే.

పక్షుల జూలో పని అంటే చిలుకలతో ముచ్చట్లాడటం అనుకుంటాం. పొద్దున్నే మొదటి పని లెక్కపెట్టడం. ఏ గూట్లో రాత్రి ఎన్ని ఉన్నాయి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి. తర్వాత నిన్న పెట్టిన మేతలో మిగిలింది తూకం వెయ్యాలి. తర్వాత రెట్ట చూడాలి, రంగు మారిందా, నీళ్లగా ఉందా అని. ఆ తర్వాతే కడగడం. గూటి ముందు మందు నీళ్ల తొట్టి ఉంటుంది, అందులో బూట్లు ముంచి గాని లోపల అడుగు పెట్టకూడదు. వంటింట్లో బొప్పాయి, అరటి, జామ ముక్కలు కోయడం, శనగలు నానబెట్టి మొలకెత్తించడం, చిన్న పిట్టలకు కొర్రల లాంటి సన్న గింజలు, గూడబాతులకు, కొంగలకు చేపలు, గుడ్లగూబలకు, గద్దలకు మాంసం. ప్రతిదీ తూకమే. ఆకలిగా కనిపించిందని ఇంకో గుప్పెడు వేయడానికి లేదు. చూడవచ్చినవాళ్లు తినేది అసలే పెట్టకూడదు.

ఆమె పుస్తకంలో గీతలు గీసి గళ్లు ఉన్నాయి. తేదీ, గూటి నంబరు, పక్షుల సంఖ్య, ఇచ్చిన మేత, మిగిలిన మేత, చివర రిమార్కులు. నేను చూడగానే గుర్తుపట్టాను. అది మా డే బుక్కే! ఓపెనింగ్ బ్యాలెన్స్, క్లోజింగ్ బ్యాలెన్స్. ఒక పేజీలో మిగిలిన మేత మూడు రోజులు వరసగా పెరిగింది. 150 గ్రాములు, 260, 400. దాని కింద గీత గీసి ఉంది. ఇదేమిటని అడిగాను.

అప్పుడు చెప్పింది. పక్షికి జబ్బు చేస్తే బయటికి కనిపించనియ్యదట. అడవిలో నీరసంగా కనిపించిన పక్షిని ముందు గద్ద ఎత్తుకుపోతుంది. అందుకని చివరిదాకా బాగున్నట్టే కూర్చుంటుంది. మనకు తెలిసేసరికి ఆలస్యమై ఉంటుంది. ముందుగా తెలిసేది మిగిలిన మేత తూకంలోనే. ఆ 400 చూసి ఆమె అక్కడి కీపరుకు చెప్పింది. ఆయన పెద్ద చదువులు చదువుకున్నవాడు కాదు, ఏళ్ల తరబడి పక్షులతోనే ఉన్నవాడు. పది నిమిషాలు కదలకుండా నిలబడి చూసి, గుంపులో ఒకదాన్ని చూపించి వేరు చేయించాడు. డాక్టరు మందు ఇచ్చారు.

"బతికిందా?" అన్నాను.

"బతకలే సార్. కానీ ఆ గూట్ల మిగతావి మంచిగున్నయ్" అన్నది.

లెక్కలో తేడా వస్తే మనం రాత్రి పది దాకా కూర్చొని వెతికేవాళ్లం. తేడా దొరికితే ఇంటికి పోయేవాళ్లం. ఇక్కడ తేడా దొరికినా ఒక ప్రాణం పోతుంది. ఇరవై ఏళ్ల పిల్ల ఆ మాట అన్నంలో పప్పు కలుపుకుంటూ మామూలుగా చెప్పింది. నేను మాత్రం ఆ పూట సరిగ్గా తినలేకపోయాను.

ఆ జూలో రాబందుల సంతానోత్పత్తి కేంద్రం ఉంది. అందులోకి ఆమెను పోనియ్యలేదు. పోనియ్యకపోవడమే సరైంది. అలికిడైతే అవి గుడ్డు వదిలేసే ప్రమాదం ఉంది. కానీ రాబందుల గురించి అక్కడివాళ్లను అడిగి నాలుగు పేజీలు రాసుకుంది. ఎందుకని అడిగితే, "మనూళ్లె ఉండేవంట కద సార్" అన్నది.

ఉండేవి. నా చిన్నప్పుడు ఊరి బయట ఎద్దు చచ్చిపడితే మధ్యాహ్నానికి ఆకాశంలో గుండ్రంగా తిరిగేవి. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. 1990ల తర్వాత అవి కనిపించడం మానేశాయి. అడవులు నరకడం వల్ల అనుకున్నాం, ఎవరికి తోచింది వాళ్లు అన్నాం. అసలు కారణం 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు. పశువులకు నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభై తొమ్మిది దాకా పోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని 2015లో సీసాను 3 మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు వాడకూడదన్నారు. ఇంట్లో ఎడ్లు, బర్రెలు ఉన్నవాళ్లు ఈ పేర్లు రాసుకోండి. సూది వేయించేటప్పుడు ఏ మందని అడగండి.

రాబందు ఏడాదికి ఒకటే గుడ్డు పెడుతుంది. పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి ఏళ్లు పడుతుంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే అసలు దాదాపు మొత్తం పోయింది, వచ్చే వడ్డీ చాలా తక్కువ. అందుకే హర్యానాలోని పింజోర్ లాంటి చోట్ల పెంపక కేంద్రాలు పెట్టారు. జంట పెట్టిన మొదటి గుడ్డును తీసి యంత్రంలో పొదిగిస్తే, కొన్ని జంటలు రెండో గుడ్డు పెడతాయట. ఆ గుడ్డును రోజూ తూకం వేసి, సరైన వేడిలో, సరైన తేమలో ఉంచి కాపాడేది ఎవరు? నోటు పుస్తకంలో గళ్లు గీసుకునే ఓపిక ఉన్న ఇట్లాంటి పిల్లలే.

అన్నీ పోలేదు కూడా. ప్రాణహిత అవతలి ఒడ్డున, బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకుంటున్నాయని 2013లో తెలిసింది. మన గడ్చిరోలి జిల్లాలో కూడా అటవీ శాఖవారు, మందులు లేని పశువుల కళేబరాలు వేసే చోట్లు ఏర్పాటు చేశారు. మరాఠీలో గిధాడ్ అనే ఈ పక్షి కోసం మనిషి అన్నం పెట్టే రోజు వస్తుందని మా తాత వింటే నవ్వేవాడు.

పక్షులకు సరిహద్దు లేదు గాని మన పిల్లల చదువుకు ఉంది. బారావి దాకా ఇక్కడ, తర్వాత చంద్రపూర్, నాగపూర్ లేదా హైదరాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. ఆ అమ్మాయికి మొదటి వారం కష్టమైంది, పక్షుల ఇంగ్లీషు పేర్లు ఒక్కటీ రావు. కానీ కూత విని పిట్టను చెప్పేది. వార్ధా, వైనగంగ కలిసి ప్రాణహితగా మారే చప్రాళ దగ్గరి అడవిలో తిరిగిన పిల్ల. కీపరు ఆ సంగతి రెండో రోజే పట్టుకున్నాడట.

ఊరివాళ్ల తెలివి చిన్నది కాదు. కడప జిల్లా కలివికోడి సంగతి వినండి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దాన్ని రాత్రిపూట పట్టి చూపించింది ఐతన్న అనే పల్లెవాసి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కు ఆయనే దారి చూపాడు.

ఇంకొకరి గురించి చెప్పకుండా ఉండలేను, ఆయన మా కామర్స్ మనిషి. సలీం అలీ పేరు మీ పాఠాల్లో ఉంటుంది. ఆయన చదివినవాటిలో బొంబాయి దావర్ కాలేజీలో వాణిజ్య చట్టం, అకౌంటెన్సీ ఉన్నాయి. యూనివర్సిటీ డిగ్రీ లేదు. మ్యూజియంలో గైడుగా చిన్న ఉద్యోగం చేశాడు. దాన్నుంచి సెలవు పెట్టి జర్మనీ పోయి, బెర్లిన్ జంతుశాస్త్ర మ్యూజియంలో స్ట్రెస్‌మాన్ అనే పెద్దాయన దగ్గర పని నేర్చుకున్నాడు. 1930లో తిరిగి వచ్చేసరికి ఆ ఉద్యోగం కాస్తా తీసేశారు! అయినా మరుసటి ఏడాదికల్లా నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టాడు. డిగ్రీ పట్టా ఇవ్వని దాన్ని బెర్లిన్‌లో పని చేతికి ఇచ్చింది. అప్పుడు నాలాంటి గుమాస్తా ఎవరైనా ఫీజు రశీదు అడిగి ఉంటే ఏమయ్యేదో.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. 'పక్షుల పెంట ఎత్తడానికా చదివించింది' అని ఆ ఇంట్లో కూడా ఒక పెద్దాయన అన్నాడట. ఎత్తాలి, నిజమే. డాక్టరు చదివే పిల్లలు ఆస్పత్రిలో ఏం చేస్తారో చూశారా? పశువైద్యం చదివేవాళ్లకు ఇంటర్న్‌షిప్ లేనిదే డిగ్రీయే రాదు. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత మామూలు డిగ్రీల్లోనూ దీనికి క్రెడిట్లు ఇస్తున్నారు. కాబట్టి ఇది సరదా కాదు, చదువులో భాగమే.

కానీ గుడ్డిగా పంపకండి. ముందు ఆ జూకు కేంద్ర జూ అథారిటీ గుర్తింపు ఉందో లేదో చూడండి. 1992లో ఏర్పడిన సంస్థ అది, దాని గుర్తింపు లేకుండా జూ నడపకూడదు. పక్షుల పార్కు అని బోర్డు పెట్టి, టికెట్ తీసుకొని ఫొటోలకు చిలుకను భుజం మీద కూర్చోబెట్టే చోటు వేరు. అక్కడ పిల్లలకు అమ్మకం తప్ప ఇంకేమీ రాదు. 'సీటు ఇప్పిస్తాను, పది వేలు కట్టు' అనే ఏజెంటు వస్తే ఆ మాటతోనే సాగనంపండి. కాలేజీ లెటరు మీద, జూ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు రావాలి. ఎన్ని రోజులు, ఎవరి కింద, రోజుకు ఎన్ని గంటలు, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, చివర సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి అందులో ఉండాలి. ఆడపిల్లలైతే బస ఎక్కడో మీరు ఒకసారి స్వయంగా పోయి చూసి రండి. ఆ చార్జీ దండగ కాదు.

ఆరోగ్యం సంగతి దాచకూడదు. పక్షుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులు ఉన్నాయి. చిలుకల రెట్ట దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు జ్వరం వస్తుంది. బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది మన రాష్ట్రంలోనే, 2006లో నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. 2024 డిసెంబరు చివర నాగపూర్ గోరెవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత దానితోనే చనిపోయాయి. కాబట్టి మాస్కు, తొడుగులు, బూట్లు ముంచే తొట్టి అన్నవి ఆడంబరం కాదు. ధనుర్వాతం సూది వేయించి పంపండి. జ్వరం వస్తే డాక్టరుకు 'పక్షుల దగ్గర పనిచేస్తున్నాను' అని మొదటే చెప్పమనండి. జూ నుంచి వచ్చి అవే బట్టలతో ఇంటి కోళ్ల దగ్గరికి పోకూడదు.

ఇంకొకటి, కొందరికి కోపం రావచ్చు. మన ఇళ్లల్లో పంజరంలో రామచిలుక ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. మా ఇంట్లోనూ ఉండేది. మా అత్తగారు దానికి పేరు పెట్టి పెంచింది. మనిషికి మరిగిన చిలుకను చెట్టు మీద వదిలేస్తే బతకదు, అటవీ శాఖవారికి అప్పగించాలని ఆ అమ్మాయే చెప్పింది. అప్పగించాం. ఇంట్లో వారం రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడేం చేస్తున్నదని అడుగుతారు. జూలో ఉద్యోగం రాలేదు. అట్లాంటి పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, ఆశ పెట్టి మోసం చేయను. ఎమ్మెస్సీ, ఆ తర్వాత బీఎడ్ చేసి ఒక ఆశ్రమశాలలో సైన్సు చెబుతోంది. ప్రతి జనవరిలో నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, ఆసియాలోని చాలా దేశాల్లో. ఆ నెలలో తన బడి పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోయి లెక్క రాయిస్తుంది. పిల్లల పుస్తకాల్లో అవే గళ్లు. తేదీ, చోటు, సంఖ్య, రిమార్కులు. ఆ నెల పని లేకపోతే ఈమె మంచి టీచరు కాకపోయేదా? ఏమో, అయ్యేదేమో. కానీ నా ఎర్ర పెన్ను ఆమెది ఒక ఏడాది, వాళ్లమ్మవి రెండు మేకలు తిన్నది. ఆ లెక్క నా పేరు మీదే ఉంది.

గత మీటింగులో నేను పెట్టిన తీర్మానాన్ని పెద్దలు ఒప్పుకున్నారు. ఈ ఏడాది నుంచి ముగ్గురు విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఖర్చులు ట్రస్టు ఇస్తుంది. పక్షుల జూ కావచ్చు, పశువుల దవాఖాన కావచ్చు, మందుల ల్యాబు కావచ్చు. ప్రయాణం, బస, భోజనం. మే నెలలో పోయేవాళ్ల ఇంటికి తునికాకు కూలీ నష్టం కింద కొంత కలపాలని కూడా అడిగాను. దాని మీద ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. కూలీకి ఓచరు ఎట్లా అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే, ఒకప్పుడు నేనూ అదే అడిగాను. వచ్చే మీటింగులో మళ్లీ పెడతాను.

దరఖాస్తులు వెనక బల్ల మీద ఉన్నాయి. పాత ఫారాలు ఇంకా నాలుగు కట్టలు మిగిలాయి, కొత్తవి అచ్చు వేయించలేదు. 'ఫీజు రశీదు' అన్న గడి అందులో ఉంటుంది. ఇంటర్న్‌షిప్ ఫారాల్లో దాన్ని నిన్న రాత్రి కూర్చొని నేనే పెన్నుతో కొట్టేశాను. ఎక్కడైనా ఒకటి మిగిలిపోతే నాకు చూపించండి.